గోడౌన్‌లో ఏది ముందు బయటకు రావాలి?



విశాఖ అనగానే అందరికీ ఓడలు, ఉక్కు గుర్తుకొస్తాయి. కానీ రేవు ఉన్న ఊరు గోడౌన్ల ఊరు కూడా. 1933లో రేవు తెరిచినప్పటి నుంచి సరుకు దిగడం, నిలవ ఉండడం, మళ్ళీ కదలడం ఇక్కడ ఎందరికో బతుకుతెరువు. మన చెరువుల్లో పెరిగిన రొయ్యలు గడ్డకట్టించిన రూపంలో ఈ రేవు మీదుగా విదేశాలకు వెళుతున్నాయి. ఇప్పుడు పప్పు, ఉప్పు, పాలు కూడా ఫోనులో ఆర్డరు చేస్తే ఇంటికే వస్తున్నాయి. 2011లో బెంగుళూరులో మొదలైన బిగ్‌బాస్కెట్ వంటి సంస్థలు మన నగరానికీ వచ్చాయి. ఆర్డరు పెట్టడానికీ, సంచి గుమ్మంలోకి చేరడానికీ మధ్య జరిగే పనిలో చాలా భాగం గోడౌన్‌లోనే జరుగుతుంది. ఆ పనిని నడిపించేది గోడౌన్ నిర్వహణ సాఫ్ట్‌వేర్. దాని గురించి మేము చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటాము.

రిజిస్టరు చెప్పనిది

ఏ హాస్టలు స్టోరు రూమునైనా తీసుకోండి. స్టాకు రిజిస్టరులో ఎన్ని బస్తాల బియ్యం వచ్చాయో, ఎన్ని ఖర్చయ్యాయో ఉంటుంది. లెక్క సరిపోతుంది. కానీ కొత్త బస్తాలు పాతవాటి మీద పేర్చితే ఏమవుతుంది? పైవి ముందు వాడతాం. అడుగువి అలాగే ఉండి పురుగు పడతాయి. రిజిస్టరు "ఎంత ఉంది" అని చెబుతుందే కానీ "ఏది, ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి ఉంది" అని చెప్పదు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడమే ఈ సాఫ్ట్‌వేర్ పని.

పని జరిగే తీరు

లారీ రాగానే పెట్టెలను స్కానరుతో చదువుతారు. ప్యాకెట్ మీది బార్‌కోడ్ కింద సాధారణంగా 13 అంకెలు ఉంటాయి. 890తో మొదలైతే ఆ నంబరును భారతదేశంలో నమోదైన సంస్థ తీసుకున్నదని అర్థం. దుకాణంలో బార్‌కోడ్‌ను మొదటిసారి చదివింది 1974లో, అమెరికాలోని ఒహాయోలో, ఒక చూయింగ్‌గమ్ ప్యాకెట్ మీద.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. ఈ మామూలు బార్‌కోడ్‌లో గడువు తేదీ ఉండదు. జనవరిలో తయారైన బిస్కెట్ ప్యాకెట్‌కూ, జూన్‌లో తయారైనదానికీ ఒకే నంబరు. అందుకే లారీ దగ్గర నిలబడిన మనిషి బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసి ఎక్కించాలి. తరువాత సాఫ్ట్‌వేర్ ఆ పెట్టెకు ఒక చిరునామా ఇస్తుంది: ఏ వరుస, ఏ ర్యాకు, ఎన్నో అర.

ఆర్డరు రాగానే ఏ అర నుంచి తీయాలో స్కానరు తెర మీద కనిపిస్తుంది. "ముందు వచ్చింది ముందు" అన్న పాత పద్ధతి ఆహారానికి చాలదు. నిన్న వచ్చిన సరుకుకు, పోయినవారం వచ్చినదానికన్నా ముందే గడువు తీరవచ్చు. అందుకే "ముందు గడువు తీరేది ముందు" అన్నదే సూత్రం. వినియోగదారునికి చేరేనాటికి సరుకు జీవితకాలంలో 30 శాతం లేదా 45 రోజుల గడువు మిగిలి ఉండాలని ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ 2017లో మార్గదర్శకాల్లో చెప్పింది, 2024లో మళ్ళీ గుర్తుచేసింది. పది రోజులు నిలిచే సరుకైతే 30 శాతం లెక్కన కనీసం మూడు రోజులు మిగలాలి. వేల రకాల సరుకుకు ఈ లెక్క రోజూ చేతితో వేయడం సాధ్యం కాదు.

ఒక బ్యాచ్‌లో లోపం బయటపడితే ఆ బ్యాచ్ ఎవరెవరికి వెళ్ళిందో వెతికి, దానిని మాత్రమే వెనక్కి రప్పించవచ్చు. ఏడాదికొకసారి గోడౌన్ మూసి లెక్కపెట్టే బదులు రోజుకు కొన్ని ర్యాకులు లెక్కపెట్టి సరిచూసుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ చేయలేనిది

మే నెలను మార్చి అని ఎక్కిస్తే మంచి సరుకు చెత్తబుట్టలోకి పోతుంది. మార్చిని మే అని ఎక్కిస్తే కాలంచెల్లిన సరుకు ఒక ఇంటి వంటగదికి చేరుతుంది. గడ్డకట్టించిన సరుకును మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అలాంటప్పుడు చల్లదనాన్ని ఇచ్చేది జనరేటరే. ఏ గది ఎన్ని గంటలు వేడెక్కిందో నమోదు చేసి ఉంటే, ఏ సరుకు పారేయాలో చెప్పడం వరకే సాఫ్ట్‌వేర్ సాయం.

మనకెందుకు?

మనలో ఎందరి తండ్రులో రేవులో కళాసీలు, మార్కెట్లో హమాలీలు. బస్తా వాళ్ళ భుజం మీద, లెక్క పుస్తకం వేరొకరి చేతిలో ఉండేది. ఇప్పుడు సరుకు తీసే కుర్రవాడి చేతిలోనే స్కానరు ఉంది. అయితే అదే స్కానరు అతను నిమిషానికి ఎన్ని తీశాడో కూడా లెక్కపెట్టగలదు. టెన్త్, ఇంటరు చదివిన మనవాళ్ళకు ఈ గోడౌన్లలో పని దొరుకుతోంది. ఆ పని చేయడంలో చిన్నతనం లేదు. కానీ తెర మీద కనిపించిన అంకె ఎలా వచ్చిందో తెలిసినవాడే దానిని ప్రశ్నించగలడు, సూపర్‌వైజరుగానో ప్రోగ్రామరుగానో ఎదగగలడు. బి.కాం. చదివేవారు స్టాకు లెక్కలు, కంప్యూటరు చదివేవారు డేటాబేస్ శ్రద్ధగా నేర్చుకోండి.

దీనికి కంప్యూటరు కోసం ఎదురుచూడక్కర్లేదు. వార్డెను గారి అనుమతితో మెస్ కమిటీలోని ఇద్దరు తమ్ముళ్ళు ప్రతి బస్తా మీద వచ్చిన తేదీ సుద్దతో రాయండి. వరుసలకు నంబర్లు వేయండి. పాతవి ముందుకు, కొత్తవి వెనక్కు జరపండి. నూనె, పిండి ప్యాకెట్ల గడువు తేదీలు ఒక నోటుబుక్కులో రాసి ఆదివారం ఆదివారం చూడండి. మన పళ్ళెంలోకి వచ్చే అన్నం బాగుంటుంది, ఈ విద్యలో మొదటి పాఠం కూడా వచ్చేస్తుంది.