పెరటి ఆకు – రోటి పచ్చడి



"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని సామెత ఉంది కదా. చెట్టులో లోపం ఉండి కాదు, అది రోజూ కళ్ళెదుటే ఉంటుంది కాబట్టి దాని విలువ మనకు తెలియదని ఆ మాటకు అర్థం. మన హాస్టల్లో ఆకుకూరల సంగతి అచ్చంగా ఇదే. పప్పులో తోటకూర వస్తే వేలితో ఏరి కంచం అంచున పెడతాం. మునగాకు వేస్తే "మేకలకు వెయ్యండి" అంటాం. ఆకులు తినడం లేనివాళ్ళ తిండి, అడవి తిండి అని సిగ్గుపడేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంటి దగ్గర చింతచిగురు, పొన్నగంటికూర, తుమ్మికూర అడిగి వేయించుకుని తిన్నవాళ్ళే ఇక్కడికి వచ్చాక ఇలా అంటారు!

కానీ ఆకును రోట్లో దంచి పచ్చడి చేసుకుని, అదే మా ఊరి గొప్ప అని లోకమంతా చాటుకున్నవాళ్ళు ఉన్నారు. ముందు వాళ్ళ సంగతి చెప్పి, తరువాత మన రోటి దగ్గరికి వస్తాను.

జెనోవా వాళ్ళ ఆకుపచ్చడి

ఇటలీ దేశంలో వాయవ్య దిక్కున, సముద్రం ఒడ్డున జెనోవా అనే రేవు పట్టణం ఉంది. వాళ్ళ పచ్చడి పేరు పెస్తో. వాళ్ళ భాషలో "పెస్తారే" అంటే దంచడం. అంటే పెస్తో అన్నా, "దంచినది" అన్నా ఒకటే. మనం రోటి పచ్చడి అన్నట్టే అన్నమాట.

అందులో వేసేవి ఏడే ఏడు వస్తువులు: బేసిల్ అనే ఆకు, వెల్లుల్లి, పైన్ చెట్టు కాయల్లో దొరికే పప్పులు, రాళ్ళ ఉప్పు, ఆలివ్ నూనె, రెండు రకాల చీజ్. చీజ్ అంటే పాలను విరగబెట్టి, ఉప్పు పట్టించి, నెలల తరబడి ఆరబెట్టిన గట్టి ముద్ద. దాన్ని తురిమి కలుపుతారు. రోలు పాలరాతిది, రోకలి చెక్కది. ముందు వెల్లుల్లి, ఉప్పు నూరతారు. తరువాత పప్పులు, ఆ తరువాత ఆకు, చీజ్, ఆఖరున నూనె. పొయ్యి మీద పెట్టరు. గోధుమపిండితో చేసిన పాస్తాను ఉడికించి అందులో కలుపుకుంటారు. ఉడికించేటప్పుడే ఆ నీళ్ళలో బంగాళాదుంప ముక్కలు, బీన్స్ కూడా వేస్తారు.

దీనికి వాళ్ళు ఇచ్చే గౌరవం చూడండి. 2007 నుంచి జెనోవాలో పెస్తో దంచే ప్రపంచ పోటీలు పెడుతున్నారు. వందమంది వరుసగా రోళ్ళ ముందు నిలబడి చేత్తో దంచుతారు. మిక్సీలు పనికిరావు!

ఇంతకీ ఆ బేసిల్ మనకు బొత్తిగా తెలియనిది కాదు. మన తులసికి దగ్గరి చుట్టం. ఎండాకాలం షర్బత్‌లో వేసే సబ్జా గింజలు తెలుసు కదా, నీళ్ళలో వేస్తే జిగురుగా ఉబ్బుతాయి. అవి ఆ జాతి మొక్క గింజలే. కొన్నిచోట్ల ఆ మొక్కను రుద్రజడ అంటారు. వాళ్ళ రకానికీ మన రకానికీ వాసనలో కొంచెం తేడా ఉంటుంది, అంతే.

దంచితే ఏమవుతుంది?

ఇటలీ అయినా, మన ఏజెన్సీ అయినా రోలు చేసే పని ఒక్కటే.

మొదటిది: ఆకు అంతా కంటికి కనపడని కణాలతో నిండి ఉంటుందని జీవశాస్త్రంలో చదువుకుంటాం. ఆకు వాసన, రుచి ఆ కణాల లోపల దాగి ఉంటాయి. రోకలి పోటుకు కణాలు చితికి రసం, వాసన బయటికి వస్తాయి. వెల్లుల్లి ఇందుకు మంచి ఉదాహరణ. పొట్టుతో ఉన్న రెబ్బకు పెద్దగా వాసన ఉండదు. చితక్కొట్టగానే గది అంతా ఘుమఘుమ! లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు చితికినప్పుడు కలుసుకోవడమే దానికి కారణం.

రెండవది: వంకాయ ముక్కలు కోసి ఉంచితే నల్లబడతాయి చూడండి, చితికిన పచ్చి ఆకు కూడా గాలి తగిలితే అలాగే నల్లబడుతుంది. పైన నూనె ఉంటే గాలి తగలదు. మిక్సీ చాలాసేపు తిప్పితే బ్లేడు వేడెక్కి ఆకు రంగు, వాసన పాడవుతాయి. మిక్సీయే గతి అయితే ఆపి ఆపి తిప్పాలి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆకుపచ్చని ఆకుల్లో ఉండే కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ 'ఎ' గా మార్చుకుంటుంది. రేచీకటి రాకుండా కాపాడేది ఇదే. కానీ తిండిలో నూనె, కొవ్వు కొంచెమైనా లేకపోతే అది ఒంటికి సరిగా పట్టదు. జెనోవా వాళ్ళు పైన్ పప్పులు, ఆలివ్ నూనె వేస్తారు. మనకు వేరుశనగ గుళ్ళు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి. అరకు, పాడేరు వైపు కొండవాలులన్నీ పచ్చగా పూసే వలిసెలు ఉన్నాయి. వలిసెలు వేయించి దంచితే వచ్చే కమ్మదనం తిన్నవాళ్ళకే తెలుసు. పప్పులో కనపడిన ఆకును ఏరి పారేయొచ్చు గానీ, పచ్చడిలో కలిసిన ఆకును ఎవరు ఏరగలరు?

మూడు పచ్చళ్ళు (పదిమందికి)

1. గోంగూర పచ్చడి: ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ, తెల్ల కాడ దానికి తక్కువ. దూసిన ఆకు అరకిలో కడిగి, నీళ్ళు ఓడ్చి ఆరనివ్వాలి. మూకుడులో రెండు చెంచాల నూనె వేసి 15 ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు, గుప్పెడు నువ్వులు దోరగా వేయించి తీయాలి. మెంతులు మాడితే పచ్చడంతా చేదు. అదే మూకుడులో ఇంకొంచెం నూనె వేసి ఆకు మగ్గించాలి. నీళ్ళు పోయనక్కరలేదు, ఆకు తనే నీరు వదిలి ముద్దవుతుంది. రోట్లో ముందు వేయించిన దినుసులు, ఉప్పు మెత్తగా దంచి, తరువాత పది వెల్లుల్లి రెబ్బలు, ఆఖరున ఆకు వేసి నూరాలి. గట్టివి ముందు, మెత్తనివి వెనక. జెనోవా వాళ్ళ వరస కూడా ఇదే కదా!

2. మునగాకు పచ్చడి: లేత ఆకు నాలుగు దోసిళ్ళు. పుల్లలు ఏరేయాలి. కొంచెం నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. దోసెడు వేరుశనగ గుళ్ళు, లేకపోతే వలిసెలు, విడిగా వేయించుకోవాలి. పది ఎండుమిరపకాయలు, నిమ్మకాయంత చింతపండు, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి దంచాలి. ముదురాకు చేదుగా ఉంటుంది. "మునగాకు నాకొద్దు" అనేవాళ్ళలో చాలామంది ముదురాకు తిని భయపడినవాళ్ళే!

3. పచ్చి ఆకు పచ్చడి: ఇది పెస్తోకు మన తమ్ముడు. పుదీనా గానీ, కొత్తిమీర గానీ, సబ్జా ఆకు గానీ రెండు దోసిళ్ళు. వెల్లుల్లి, రాళ్ళ ఉప్పు, నాలుగు పచ్చిమిరపకాయలు ముందు నూరి, వేయించిన వేరుశనగ గుళ్ళు గుప్పెడు వేసి, తరువాత ఆకు వేసి, చివర రెండు చెంచాల నూనె, ఒక నిమ్మచెక్క రసం కలపాలి. ఆకు ఉడకదు కాబట్టి మంచినీళ్ళతో మూడు నాలుగుసార్లు కడగాలి. దీన్ని ఆ పూటే తినేయాలి. వానాకాలంలో నీళ్ళు కలుషితమయ్యే రోజుల్లో పచ్చిది మాని, వేయించినదే చేసుకోవడం మంచిది.

ఒక జాగ్రత్త. పులుపు పచ్చడిని సిల్వరు గిన్నెల్లో, కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో ఉంచరాదు. పులుపుకు లోహం కరిగి పచ్చడిలోకి దిగుతుంది. జాడీలోనో, స్టీలు గిన్నెలోనో పెట్టాలి.

ఇదంతా రుచి కోసమేనా?

కాదు. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో ప్రతి వందమందికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే ఒక బెంచీ మీద ఐదుగురు కూర్చుంటే అందులో ముగ్గురికి ఉన్నట్టు లెక్క. ప్రార్థనలో నిలబడితే కళ్ళు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో ఊరికే నిద్ర రావడం, కింది రెప్ప లోపల ఎర్రదనం తగ్గి పాలిపోవడం దీని గుర్తులు. "అది బద్ధకం" అని మనం ఎగతాళి చేసే పిల్ల నిజానికి రక్తం చాలక నీరసించి ఉండొచ్చు.

రక్తానికి ఇనుము కావాలి. వంద గ్రాముల మునగాకులోనో తోటకూరలోనో దాదాపు నాలుగున్నర మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఆకులోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. దానికి తోడు కావాలి. ఆ తోడు 'సి' విటమిన్. నిమ్మరసం పిండుకున్నా, ఒక ఉసిరికాయ కొరికినా, జామకాయ తిన్నా ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఉన్నది కూడా పట్టదు. కనీసం గంట ఆగాలి. ఆకును కోశాక కడగరాదు, కడిగాకే కొయ్యాలి. ఉడికించిన నీళ్ళు పారబోస్తే కొన్ని విటమిన్లు ఆ నీళ్ళతోనే పోతాయి. పచ్చడిలో పారబోసేది ఏమీ ఉండదు, అదీ దాని సుగుణం.

అయితే పచ్చడి తింటే అన్నీ నయమైపోతాయని నేను చెప్పడం లేదు. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి విసిరేయకండి, ఆకుకూర దానికి బదులు కాదు. నులిపురుగుల మాత్ర కూడా వేసుకోవాలి. కొంకిపురుగులు పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి, వట్టి కాళ్ళతో మట్టిలో నడిస్తే అవి పాదాల గుండా లోపలికి వస్తాయి. ఇంకొక సంగతి. మన గిరిజనుల్లో కొందరికి పుట్టుకతో వచ్చే సికిల్ సెల్ జబ్బు ఉంటుంది. అది ఆకుకూరతో పోదు. రక్త పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పినట్టు నడవాలి. దాని కోసం 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్షలకు వచ్చినప్పుడు దాక్కోకండి!

ఆకు ఎక్కడి నుంచి?

వంటశాల వెనక బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు వృథాగా పోతూ ఉంటాయి. సబ్బు కలవని ఆ నీళ్ళను చిన్న కాలువ తీసి మళ్ళిస్తే చాలు.

• తోటకూర: విత్తనాలు ఇసుకతో కలిపి చల్లాలి. నెల తిరక్కుండా కోతకు వస్తుంది. పీకెయ్యకుండా పైన తుంచితే మళ్ళీ చిగురిస్తుంది.
• గోంగూర: తొలకరిలో వెయ్యాలి. కొసలు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది.
• కొత్తిమీర: ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి చల్లాలి. చలికాలం దీనికి మంచిది.
• పుదీనా: సంతలో కొన్న కట్టలోని కాడలే గుచ్చితే బతుకుతాయి. తడి, కాస్త నీడ ఉండాలి.
• మునగ: చెయ్యంత లావు కొమ్మను నరికి, వానల ముందు కంచె పక్కన పాతాలి. ఏటా కొమ్మలు కొట్టేస్తే చేతికి అందే ఎత్తులో లేత ఆకు వస్తుంది.
• సబ్జా: గింజలు పలచగా చల్లి పైన సన్నని మట్టి కప్పాలి. పూత రాకముందే కొసలు తుంచితే ఆకు ఎక్కువ.

ఒక మడితో హాస్టలంతటికీ సరిపోదన్నది నిజమే. పదిమందికి అరకిలో అయితే వందమందికి ఐదు కిలోల ఆకు కావాలి. అందుకే కంచె పొడవునా మునగ ఉండాలి, మడులు ఒకేసారి కాకుండా పది రోజుల తేడాతో వెయ్యాలి. వందమందికి చేత్తో దంచమంటే వంట అక్కల భుజాలు పడిపోతాయి. కాబట్టి ఎక్కువ మొత్తం గ్రైండరులో వేసి, వెల్లుల్లి, గింజలు మాత్రం రోట్లో కచ్చాపచ్చాగా దంచి కలిపినా రుచి నిలుస్తుంది.

వార్డెన్ గారికి మనవి: వారంలో ఒక రోజు, ఏదైనా సరే, "ఆకుపచ్చడి రోజు" అని మెనూ బోర్డు మీద రాయించండి. ఆ రోజు అన్నంలోకి నిమ్మచెక్క కూడా ఇప్పించండి. గదికొక మడి పంచితే నీళ్ళు పోసే పూచీ మాది.

తోటివారికి ఒక మాట: తెలియని ఆకు ఏదీ తెంపి నోట్లో పెట్టకండి. ఇంట్లో పెద్దవాళ్ళు తినే ఆకే తినాలి. ఈసారి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అవ్వనో, అమ్మనో అడిగి, మీ ఊళ్ళో ఏ ఆకు ఏ నెలలో వస్తుందో, దేనితో కలిపి దంచుతారో రాసుకురండి. ఆ ఆకు పేరు మీ ఇంటి భాషలో ఏమంటారో అది కూడా రాయండి. పత్రిక పెట్టెలో వేస్తే వచ్చే సంచికలో అన్నీ వరసగా రాద్దాం. జెనోవా వాళ్ళు ఒక్క ఆకుతో అంత పేరు తెచ్చుకున్నారు. మనకు ఎన్ని ఆకులున్నాయో ముందు లెక్క పెడదాం!

– 9వ తరగతి విద్యార్థిని