షుగరొచ్చాక అమ్మ చెప్పులు విప్పలేదు

అమ్మకి షుగరుందని తెలిసిన రాత్రి ఇంట్లో ఎవరమూ అన్నం ముట్టలేదు. మా మాదిగపల్లెలో ఈ జబ్బంటే కాలు తీసేయడం, చూపు పోవడం. అప్పటిదాకా చూసినవి అవే. ఈ జబ్బుతో బతకడంలో మంచి అనుభవాలూ ఉంటాయని ఆ రోజు ఎవరన్నా అని ఉంటే గొడవ పెట్టుకునేవాళ్లం. ఎనిమిదేళ్ల తర్వాత ఆ మాట మేమే రాస్తున్నాం. జబ్బు మంచిదని మాత్రం చదువుకోకండి.

ముందు పాదాల సంగతి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే కాబట్టి మొద్దుబారడం సాధారణంగా అక్కడే మొదలవుతుంది. ముల్లు దిగినా తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గితే చిన్న పుండు మానదు, చీము పడుతుంది. కాళ్లు తీసేసే దాకా వెళ్లే కథలు చాలావరకు ఇలా మొదలైనవే. అందుకే ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగొద్దని, రోజూ అరికాళ్లు చూసుకోమని చెబుతారు. మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు వేసుకోమంటారు.

ఈ సలహా అందరికీ ఒకటే. అందరి కాళ్లకూ ఒకటే కాదు. చెప్పులు కుట్టే మా కులం వాళ్లు ఊళ్లోకి వెళ్తే వాటిని చేతబట్టుకోవాలి, అవ్వ కాలంలో అదే కట్టుబాటు. అమ్మ కాలానికి ఎవరూ నోరు తెరిచి విప్పమనలేదు. అయినా రచ్చబండ మలుపు దగ్గరికొచ్చేసరికి ఆమె కాలు దానంతటదే చెప్పు వదిలేసేది. బహిరంగ ప్రదేశంలో చెప్పులు వేసుకోకుండా దళితులను అడ్డుకోవడం నేరమని అత్యాచారాల నిరోధక చట్టంలో స్పష్టంగా చేర్చింది 2015 సవరణలో. అంత ఆలస్యంగా రాయాల్సి వచ్చిందంటే ఆ అలవాటు ఎంత బతికుందో చూడండి.

"ఎక్కడా విప్పొద్దమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మలుపులో అమ్మ మొదటిసారి చెప్పులతో నిలబడింది. అరుగు మీది పెద్దాయన కిందికి చూశాడు.

"షుగరయ్యా, డాక్టరమ్మ విప్పొద్దంది."

ఆయన ఏమీ అనలేదు. రెండు నెలలు పోయాక అమ్మ ఆ సంజాయిషీ కూడా మానేసింది. ఆత్మగౌరవం మీద ఎన్నో వ్యాసాలు చదివి పీహెచ్‌డీ చేస్తున్న మాకు ఆ మలుపు సంగతి అప్పటిదాకా తట్టనే లేదు.

ఇప్పుడు సాయంత్రం ఐదారుగురు ఆడవాళ్లు ఆ వీధి గుండానే నడుస్తారు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను నేరుగా వాడుకుంటాయి. తిన్నాక కాసేపు నడిచినా తేడా కనిపిస్తుంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో అమ్మది 9.8 నుంచి 7.1కి దిగింది. ఆ అంకె ఆమె పల్లెంతా చెప్పుకుంది, మా డిగ్రీల గురించి కూడా అంత చెప్పలేదు.

తిండి దగ్గర మాకో ఫిర్యాదుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో ఓట్సు, బాదం ఉన్నాయి. కొవ్వు తీసిన గొడ్డుమాంసం, ఎండుచేపలు, చింతచిగురు పప్పు లేవు. మాంసం, చేపల్లో చక్కెరగా మారే పిండిపదార్థం దాదాపు ఉండదు. మూత్రపిండాలు బాగుంటే, ఉప్పు తగ్గించుకుంటే వాటికి భయపడాల్సింది లేదు. జొన్నరొట్టెకు మాత్రం లెక్క ఉంది. జొన్న కదా అని నాలుగు తింటే అన్నంతో సమానమే.

బాబాసాహెబ్‌దీ ఇదే జబ్బని అమ్మకి చెప్పాం. 1948లో ఆయన పెళ్లాడింది డాక్టర్‌నే, కాళ్ల నొప్పులతో చివరిదాకా బాధపడ్డారు, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకునేనాటికి ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంది. అంతా విని అమ్మ అడిగింది ఒకటే: "ఆయన చెప్పులేసుకునేవాడా?" బూట్లు అన్నాం.

కూలికి పోయినప్పుడు కొంగున బెల్లం ముక్క కట్టుకుంటుంది. మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి. అప్పుడు అది నోట్లో వేసుకుని గట్టు మీద కూర్చుంటుంది. మేస్త్రి అరిచినా లేవదు. ఒక పూట కూలి కోసిన రోజులూ ఉన్నాయి.

ఈ నెల కొత్త జత కొనాలి. ఎడమ చెప్పు అడుగు అరిగిపోయింది.