సైకిలు చట్రము – శరీరపు కొలత

బొగ్గు గనులకు పేరుపొందిన మణుగూరునుండి అశ్వాపురము, సారపాక మీదుగా పోయి గోదావరి దాటినచో భద్రాచలము చేరవచ్చును. ఈ దారిని సైకిలుపై పోవువాడు నిమిషమునకు 80 మార్లు పెడలు త్రిప్పునని అనుకొందము. ఒక గంటలో అతని ఒక్కొక్క మోకాలు 4,800 మార్లు ముడుచుకొని చాచుకొనును. సీటు ఎత్తులో చిన్న తప్పున్నచో ఆ తప్పు కూడ 4,800 మార్లు జరుగును. చెప్పు కరచినచో విప్పి చేత పట్టుకొని నడువవచ్చును. మోకాలి విషయమున అట్టి వీలు లేదు.

దూరప్రయాణములకు, పందెములకు వాడు తేలిక సైకిళ్లలో నేడు టైటేనియము అను లోహముతో చేసిన చట్రములు కొన్ని కలవు. అట్టి సైకిలు వెల మామూలు మోటారు సైకిలు వెలను మించవచ్చును. అంత వెలపెట్టి కొనువారు చట్రమును ఎంచుకొనుటకు ముందు నిపుణుని వద్దకు పోయి తమ శరీరమును కొలిపించుకొందురు. లోహమునకంటె కొలతకు ముందు చోటు ఏల ఈయవలెనో చూతము.

లోహపు గుణములు

టైటేనియమును 1791లో ఇంగ్లండులో విలియం గ్రెగర్ కనుగొనెను. 1795లో జర్మను రసాయనవేత్త క్లాప్రోత్, గ్రీకు పురాణములలోని టైటనుల పేరు దీనికి పెట్టెను. ఈ లోహపు ముడిఖనిజమైన ఇల్మనైటు మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందలి నల్లని ఇసుకలో ఉన్నది. అయితే ఖనిజమునుండి లోహమును వేరుచేయుట కష్టసాధ్యమైన పని. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన పద్ధతిని అనుసరించి, కేరళలోని చవరలో 2011లో టైటేనియము స్పంజి కర్మాగారము ప్రారంభమైనది. 1973లో స్థాపితమైన హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగం టైటేనియము మిశ్రమలోహములను తయారుచేయుచున్నది.

ఘన సెంటీమీటరు ఉక్కు బరువు సుమారు 7.8 గ్రాములు, టైటేనియము బరువు 4.5 గ్రాములు మాత్రమే. కాని వంగకుండ నిలుచు బిగువులో టైటేనియము ఉక్కులో సగమునకు కొంచెము మించి ఉండును. ఈ లోటును ఆకారము తీర్చును. పలుచని గొట్టపు బిగువు దాని వ్యాసముయొక్క ఘనమును బట్టి పెరుగును. ఉక్కు గొట్టముకంటె నాలుగవ వంతు లావైన టైటేనియము గొట్టమును తీసికొందము. రెండింటి మందము ఒకటే అయినచో 1.25 × 1.25 × 1.25 = 1.95, అనగా ఆకారమువలన బిగువు ఇంచుమించు రెట్టింపగును. లోహపు లోటు తీరినది. బరువు మాత్రము 4.5 ÷ 7.8 × 1.25 = 0.72 వంతు. కావున అంతే బిగువు గల గొట్టము నూటికి 28 వంతులు తేలికగును.

మరియొక మేలు కూడ కలదు. గాలి తగిలిన వెంటనే టైటేనియముపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడును. గోదావరి తీరపు వానకాలములో కూడ చట్రమునకు రంగు అక్కరలేదు. గొలుసుకు మాత్రము నూనె తప్పదు.

శరీరపు కొలత

సైకిలు మనిషిని మూడు చోట్ల మోయును: సీటు, పెడళ్లు, హేండిలు. ఈ మూడింటి స్థానములను శరీరమునకు తగినట్లు అమర్చుటయే కొలత చూచుట.

మొదటిది సీటు ఎత్తు. చెప్పులు లేకుండ గోడకు ఆనుకొని నిలబడి, ఒక పుస్తకమును కాళ్ల సందున పైకి గట్టిగా ఆనించి, దాని పై అంచునుండి నేలకు గల దూరమును కొలువవలెను. అది 80 సెంటీమీటర్లు అనుకొందము. పెడలు కాడ తిరుగు ఇరుసు నడుమనుండి సీటు పైభాగమునకు గల దూరము ఆ కొలతలో 0.883 వంతు ఉండవలెనని ఒక సూత్రము ప్రచారములో ఉన్నది. 80 × 0.883 = 70.6 సెంటీమీటర్లు. అడుగున ఉన్న పెడలునుండి సీటువరకు 1.09 వంతులు ఉండవలెనని 1967లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అను పరిశోధకులు ప్రకటించిరి. 80 × 1.09 = 87.2, ఇందులో పెడలు కాడ పొడవు 17 తీసివేయగా 70.2. రెండు వేరు త్రోవలు ఇంచుమించు ఒకే చోటికి చేరినవి.

అయితే తొడ, పిక్క, పాదముల పొడవులు అందరికి ఒకే నిష్పత్తిలో ఉండవు. అందుచేత నిపుణుడు సూత్రముతో ఆగడు. సైకిలును కదలకుండ ఒక పీఠముపై నిలిపి, తొక్కించి, పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలి కోణమును కొలుచును. కాలు తిన్నని గీతనుండి 25 మొదలు 35 డిగ్రీలవరకు వంగియుండుట మంచిదని లెక్క. సీటు మరీ తక్కువైనచో మోకాటిచిప్పపై ఒత్తిడి పెరిగి మోకాలి ముందువైపు నొప్పి కలుగును. మరీ ఎక్కువైనచో మోకాలి వెనుక నొప్పి పుట్టును. పెడలు అందుకొనుటకు తుంటి అటునిటు ఊగును.

తరువాత సీటునుండి హేండిలుకు గల దూరమును చూచును. అది అధికమైనచో శరీరపు బరువు చేతులపై పడి, అరచేతి అంచున పోవు నాడి నలిగి, చిటికెనవ్రేలు, ఉంగరపు వ్రేలు తిమ్మిరెక్కును. నిపుణుడు పాత గాయములను, నడుము ఎంతవరకు వంగునో అను సంగతిని కూడ అడిగి తెలిసికొనును. మార్పులన్నియు ఒక్కసారిగా చేయక, ఒక్కొక్కటిగా కొద్ది మిల్లీమీటర్ల చొప్పున చేయును. ఏ మార్పువలన ఏ ఫలితము కలిగెనో అప్పుడే తెలియును.

కొలత ముందు, చట్రము తరువాత

కాగిన టైటేనియము గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని పీల్చుకొని పెళుసుబారును. కనుక గొట్టములను కొలతకు కోసి, గాలి తగులకుండ ఆర్గాన్ వాయువు ఆవరణలో అతుకుదురు. ఒకసారి అతికిన చట్రమును పొడుగు పొట్టి చేయుట సాధ్యము కాదు. సీటును, హేండిలును కొన్ని సెంటీమీటర్లు మాత్రమే జరుపవచ్చును. చట్రమే పెద్దదైనచో ఆ సవరణ చాలదు.

బరువు లెక్క కూడ ఇదే చెప్పును. మనిషి 65 కిలోలు, సైకిలు 9 కిలోలు అనుకొన్నచో మొత్తము 74. చట్రమున అరకిలో తగ్గించినను లాభము నూటికి ఒక వంతైనను లేదు. తప్పు కొలత కలిగించు నొప్పి ముందు ఈ లాభము లెక్కకు రాదు.

ఈ శాస్త్రము ఖరీదైన సైకిలుకే పరిమితము కాదు. తండ్రి సైకిలుపై బడికి పోవు పిల్లవానికి, అందరికి ఒకే పరిమాణమున దొరకు సైకిలు తొక్కు బాలికకు ఇది మరింత అవసరము. ఉపాధ్యాయుడు ఒక టేపు, ఒక కోణమానిని తీసికొని తరగతిలోని విద్యార్థులచేత తమ కాలి కొలతను, సీటు ఎత్తును లెక్కవేయించి పోల్చి చూపవచ్చును. సీటు పైకెత్తునప్పుడు దాని కడ్డీపై ఉన్న హద్దుగీత బయటికి రాకుండ చూడవలెను. కొత్తగా నేర్చుకొను పిల్లలకు మాత్రము, సూత్రము ఏమి చెప్పినను, కాలు నేలకు అందునంత ఎత్తుననే సీటు ఉంచుట క్షేమము.