బుడగలో ఇమిడే తెలుగు

వృత్తిరీత్యా నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. శుక్రవారం సాయంత్రాలు మా ఊరి హైస్కూల్లో కామిక్స్ క్లబ్బుకి సాయం చేస్తుంటాను. "కామిక్స్ చదివితే చదువు పాడవదటండీ?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. చదవడం సంగతి అలా ఉంచి, పిల్లలు సొంతంగా తయారుచేయడం గురించి చెబుతాను.

అమెరికాలో ఇదేమీ కొత్త కాదు. మైకేల్ బిట్జ్ న్యూయార్కులో 2001లో కామిక్ బుక్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. మన్‌హాటన్‌లో ఒక హైస్కూలు పిల్లలు బడి వదిలాక మాంగా గీయడం గురించి 2009లో 'మాంగా హై' అనే పుస్తకం రాశారు. 2006లో 'అమెరికన్ బోర్న్ చైనీస్' వేసిన జీన్ లూయెన్ యాంగ్ ఓక్లాండులో హైస్కూలు పిల్లలకి కంప్యూటర్ సైన్సు చెప్పిన మాస్టారే. నాబోటి వాడికి అదో ధైర్యం!

ఒక కాగితాన్ని మూడుసార్లు మడిచి, విప్పి, మధ్యలో ఒక్క కోత కోసి మళ్ళీ మడిస్తే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం అవుతుంది. ముందూ వెనకా అట్టలు పోను ఆరు పేజీలు. కథంతా అందులో ఇమడాలి. పదిహేనేళ్ళ వాళ్ళు నిద్రలేవడం, పళ్ళు తోముకోవడం, బస్సెక్కడం అన్నీ గీసేస్తారు. ఏ గడి తీసేస్తే కథకి లోటు రాదో అది కొట్టెయ్యమంటాను. రెండు గళ్ళ మధ్య ఖాళీలో జరిగింది చదివేవాళ్ళే ఊహించుకుంటారు. ఏది వదిలెయ్యాలో వ్యాసాలు రాయించి నేర్పడం కష్టం, ఇక్కడ గంటలో పట్టుబడుతుంది.

ముందు మాటలు రాసి, తరవాత చుట్టూ బుడగ గియ్యాలి. తిరగేస్తే అక్షరాలు ఇరుక్కుంటాయి. బొమ్మలంటారా, పుల్లల మనుషులు చాలు.

మన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, నోరు పెగలదు. పేజీ రాయమంటే పారిపోతారు. బుడగలో పట్టేది ఆరేడు మాటలే. క్లబ్బులో ఒక తెలుగబ్బాయి అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే కథ గీశాడు, బుడగలన్నీ ఇంగ్లీషులోనే. "ఆవిడ ఇలాగే మాట్లాడుతుందా?" అన్నాను. ఆ వారం ఫోను చేసి, విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొచ్చాడు: "ఏరా, తిన్నావా? గొంతేంటి అలా ఉంది?" తన బుడగ మాత్రం ఖాళీగా వదిలేశాడు. చెప్పాల్సింది తెలుసట, తెలుగులో ఎలా అనాలో తెలీదట.

ఆ పేజీ చూసి వాళ్ళమ్మ చాలాసేపు మాట్లాడలేదు. బుడగ తను నింపలేదు, వాడికి పెన్సిలిచ్చి పక్కన కూర్చుంది. రెండో పుస్తకంలో వాడి బుడగలు మూడు తెలుగులో ఉన్నాయి. ఒకదాంట్లో ఒత్తు తప్పు. దిద్దలేదు.