ముద్దాయి తరఫు ప్లీడరు

ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొచ్చాక నేను మొదట అందులోని కథ చదవను. మేజిస్ట్రేటు గారి ఇనీషియల్ ఎక్కడుందో వెతుకుతాను. ఏ కానిస్టేబుల్ తెచ్చాడు, ఏ తేదీన ఎన్ని గంటలకు అందింది అన్నది అక్కడ చేత్తో రాసి ఉంటుంది. రాత్రి తొమ్మిదికి కట్టిన హత్య కేసు, స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న కోర్టుకు మర్నాడు సాయంత్రం చేరిందంటే, ఈలోపు ఎవరెవరి పేర్లు కలిపారో అని అనుమానం రావాలి. ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు. పోలీసులు సరైన కారణం చెబితే కోర్టు ఒప్పుకుంటుంది. చెప్పలేకపోతే నాకు దారి దొరికినట్టే. “అమ్మాయ్, కథ అందరూ చదువుతారు, నువ్వు టైం చూడు” అనేవారు మా సీనియరు గారు.

గుంటూరు జిల్లాలో క్రిమినల్ ప్రాక్టీసు నాది. పల్లెల నుంచి వచ్చేవాళ్లు ప్లీడరమ్మ గారూ అంటారు. సినిమాల్లోలా బల్లగుద్ది అరిస్తే మా కోర్టుల్లో సాగదు. కొట్లాట కేసులో ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి (పి.డబ్ల్యు.1) బోనెక్కి “టార్చిలైటు వెలుగులో ముద్దాయిని చూశానండీ” అంటాడు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో (మేమింకా పాత సెక్షన్ నంబరు అలవాటుగా 161 స్టేట్‌మెంట్ అనే అంటాం) టార్చిలైటు ఊసే ఉండదు. సాక్షితో గొడవ పెట్టుకోను. “ఈ మాట పోలీసులకు చెప్పలేదు కదా” అని ఒక్కటి అడిగి, జవాబు రికార్డుకెక్కించి కూర్చుంటాను. తర్వాతెప్పుడో దర్యాప్తు అధికారి వచ్చినప్పుడు, “పి.డబ్ల్యు.1 నా దగ్గర టార్చిలైటు సంగతి చెప్పలేదన్నది నిజమే” అని ఆయన నోటితో చెప్పించాలి. ఆ రెండో ప్రశ్న మరిచిపోతే మొదటిది దండగ.

దొంగతనం కేసుల్లో నేరం ఒప్పుకున్నాడనే పంచనామా మామూలే. పోలీసుల ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల వల్ల వస్తువేదైనా దొరికితే, దానికి సంబంధించిన మేరకే పనికొస్తుంది. 2024 జులై 1న కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ సూత్రం మారలేదు.

ఈ వృత్తిలోకి రావాలంటే లాసెట్ రాసి, మూడేళ్లో ఐదేళ్లో లా చదివి, బార్ కౌన్సిల్‌లో నమోదై, ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. ఆపైన జూనియరుగా మొదట్లో పెట్రోలు ఖర్చులు వస్తే అదే గొప్ప.

“తప్పు చేసినవాణ్ణి ఎలా కాపాడతావే?” అని పెళ్లిళ్లలో చుట్టాలు నిలదీస్తారు. ముద్దాయి మీద నా సొంత అభిప్రాయం ఏదైనా సరే, అతని తరఫున వాదించాలని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. తీర్పు జడ్జి గారి పని.

నాకు మనసు కష్టమయ్యేది బెయిలొచ్చినా బయటికి రాలేనివాళ్లను చూసినప్పుడు. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు, వాళ్ల ఇంటిపన్ను రసీదులు కావాలంటారు. కూలికెళ్లేవాడికి ఎవరొచ్చి నిలబడతారు? బెయిలొచ్చి వారమైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బయట జామీనుల కోసం తిరిగే అతని భార్యకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అందుకే మీకు చెబుతున్నాను. అరెస్టు చేసినవారిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ప్లీడరుతో మాట్లాడే హక్కు ఆ క్షణం నుంచే ఉంటుంది. ఫీజు ఇచ్చుకోలేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి, ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా ప్లీడరును పెడతారు.