జీను మీది రోబో

'రోబో' అన్న మాట 1920లో కారెల్ చాపెక్ రాసిన చెక్ నాటకం 'ఆర్.యు.ఆర్.'తో పుట్టింది. దానికి మూలమైన 'రొబోతా' అంటే వెట్టిచాకిరీ. నాటకంలో ఆ కృత్రిమ సేవకులు తిరగబడి మానవజాతిని తుడిచిపెడతారు. తరువాతి విజ్ఞాన కల్పనా సాహిత్యంలో చాలా భాగం ఆ భయాన్నే వారసత్వంగా మోసింది.

గల్ఫ్ ఒంటెల పందేలలో కథ మరోలా నడిచింది. ఒకప్పుడు దక్షిణాసియా నుండి, సూడాన్ నుండి తెచ్చిన పసివాళ్లను ఒంటెలెక్కించేవారు. 2005లో ఖతర్, ఎమిరేట్స్ దీనిని నిషేధించాయి. నేడు ఒమన్ పందేలలోనూ కొద్ది కిలోల రోబో జాకీ కనిపిస్తుంది. దానికి బుద్ధి లేదు. పక్కన కారులో సాగే మనిషి రిమోట్‌తో కొరడా ఆడిస్తాడు, స్పీకరులో అదిలిస్తాడు.

పిల్లలను దించినది చట్టం. ఖాళీ అయిన జీనును నింపినది యంత్రం. కనుక యంత్రం తిరగబడుతుందా అనేకన్నా, అది ఎవరి వెట్టిని తలకెత్తుకుంది, దాని పగ్గం ఎవరి చేతిలో ఉంది అన్నవే ముందు అడగవలసిన ప్రశ్నలు.