చేతిలో ఇమిడే ఆటపెట్టె

ఈ దసరా సెలవులకు పిల్లలిద్దరినీ తీసుకుని పామేడు వెళ్లాను. మావారి అక్కగారిది ఆ ఊరే, అక్కడ వాళ్లకు చిన్న కిరాణా కొట్టు ఉంది. పామేడు ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో. మన విద్యాలయం ఉన్నదీ బస్తరులోనే. అయినా మేము జగదల్‌పూర్ నుంచి సుక్మా, కోంటా దాటి ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరుకు, అక్కడి నుంచి తెలంగాణలోని భద్రాచలానికి, ఆపైన చర్లకు చేరి, మళ్లీ ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టాం. దారి పొడవునా మా అబ్బాయి చేతిలో ఒక వీడియో గేమ్ ఉంది. ఈ వ్యాసం దాని గురించే. ఇలాంటి బేరం మీ ఇళ్లలోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నేను చేసిన పొరపాటు, ఆ తర్వాత తెలుసుకున్న సంగతులు మీకు పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

ముందు అది ఎందుకు కొన్నానో చెప్పాలి. పదకొండేళ్ల ఉద్యోగంలో ఇది నాకు ఐదో ఊరు. మధ్యప్రదేశ్‌లో రెండు చోట్ల, ఒడిశాలో ఒకచోట, ఉత్తరప్రదేశ్‌లో ఒకచోట పనిచేసి ఇక్కడికి వచ్చాను. బదిలీ కాగితం నా పేరు మీద వస్తుంది, స్నేహితులను వదులుకునేది మాత్రం పిల్లలు. మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈసారి ఊరు మారాక మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. నాకు తోచిన మందు ఒకటే, ఏదైనా కొనిపెట్టడం. నెల జీతంలో మంచి ముక్క ఖర్చు పెట్టి, పెద్ద రంగుల తెర ఉన్న గేమ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా విప్పుతున్నప్పుడు అమ్మాయి మెల్లగా అంది: "అమ్మా, నువ్వు ఏదైనా కొంటే మనం ఇంకో ఊరు వెళ్తున్నామేమో అనిపిస్తుంది నాకు." నేను జవాబు చెప్పలేదు. అబ్బాయికి ఏడేళ్లు, వాడికి ఈ గొడవలేమీ లేవు. డబ్బా లాక్కుని పోయాడు.

పామేడు చేరిన మర్నాడు సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. గేమ్‌లో చార్జింగ్ అప్పటికే అడుగంటింది. నా పవర్ బ్యాంకు తగిలిస్తే ప్రాణం వచ్చింది కానీ, కొత్తగా కొన్న ఆట తెరవబోతే ముందు అప్‌డేట్ చేసుకోమంది. అంటే ఇంటర్నెట్ కావాలి. వదినగారింట్లో సిగ్నల్ పెరటి గోడ దగ్గర, అదీ ఒక గీత మాత్రమే దొరుకుతుంది. వాడు గోడ పక్కన అరగంట నిలబడ్డాడు. కొట్టుకు వచ్చిన నలుగురు పిల్లలు కూడా వాడితో పాటు నిలబడి ఆ తెల్లటి తెరను చూశారు. చివరికి వాళ్లు విసుగుపుట్టి పోయారు. వదిన నవ్వి, "ఇంతకీ ఇది ఆడుకునేదా, కాపలా కాసేదా పంతులమ్మా?" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. కొనేటప్పుడు నేను చూసినవి తెర ఎంత పెద్దది, బొమ్మ ఎంత స్పష్టం అన్న రెండే. అది దేని మీద నడుస్తుంది, ఆట దాని లోపల ఉందా లేక ఎక్కడో సర్వర్‌లో ఉందా అని అడగలేదు. నిజానికి ఈ ప్రశ్నలకు జవాబు నలభై ఏళ్ల కిందటే దొరికింది. ఆ కథ కొంచెం వివరంగా చెబుతాను.

జపాన్‌లోని క్యోటో నగరంలో 1889లో పేకముక్కలు తయారుచేయడానికి మొదలైన కంపెనీ నింటెండో. అక్కడ గున్‌పెయి యోకొయి అనే ఉద్యోగి 1965లో చేరాడు. పేకముక్కల యంత్రాలు బాగుచేయడం ఆయన పని. ఒకసారి రైల్లో ఒక ఉద్యోగి ఏమీ తోచక చేతిలోని కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం చూశాడనీ, అక్కడే ఆయనకు ఈ ఆలోచన పుట్టిందనీ చెబుతారు. అప్పటికి కాలిక్యులేటర్ కంపెనీల పోటీ వల్ల ఎల్‌సీడీ తెరలు బాగా చవకయ్యాయి. వాటితోనే 1980లో ఆయన గేమ్ అండ్ వాచ్ అనే చిన్న ఆటపెట్టె తయారుచేశాడు. వాటిలో 1982లో వచ్చిన డాంకీ కాంగ్ ఆటకు ఆయనే ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే మీట కనిపెట్టాడు. పైకి, కిందికి, కుడికి, ఎడమకు ఒకే బొటనవేలితో నొక్కే ఆ మీట ఈనాటి గేమ్‌లలో కూడా ఉంది.

ఆ తెర ఎలా పనిచేస్తుందో మీ కాలిక్యులేటర్‌ను పక్కకు వంచి చూస్తే తెలుస్తుంది. ఎనిమిది అంకె ఆకారంలో ఏడు గీతలు ముందే గీసి ఉంటాయి. కరెంటు అందిన గీత నల్లబడుతుంది, అందనిది కనిపించదు. గేమ్ అండ్ వాచ్‌లో అంకెల బదులు మనిషి బొమ్మలు ముందే గీసి ఉంటాయి. ఒక బొమ్మ ఆరి పక్క బొమ్మ వెలిగితే, మనిషి కదిలినట్టు మన కంటికి తోస్తుంది. ఈ తెర తనంత తాను వెలుతురు ఇవ్వదు. అందుకే దానికి పట్టే కరెంటు చాలా తక్కువ.

యోకొయి తన పద్ధతికి ఒక పేరు పెట్టుకున్నాడు. దాని భావం సుమారుగా ఇది: కొత్తగా వచ్చిన ఖరీదైన విద్య కోసం పరుగెత్తకు, అందరూ వాడి వాడి చవకబడిన దాన్ని తీసుకుని కొత్త తోవలో వాడు. 1989లో వచ్చిన గేమ్ బాయ్ ఈ ఆలోచనకు పెద్ద పరీక్ష. దానికి రంగులు లేవు, పచ్చటి తెర మీద నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనక దీపం లేదు. అదే సంవత్సరం అటారి కంపెనీ లింక్స్, మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్ తెచ్చాయి. రెండింటికీ రంగుల తెర, వెనక దీపం ఉన్నాయి. చూడటానికి వాటి ముందు గేమ్ బాయ్ వెలవెలబోయేది. అయితే వాటికి ఆరేసి పెన్సిల్ సెల్లులు కావాలి, అవి నాలుగైదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లుల మీద పది గంటలు దాటి నడిచేది. గెలిచింది అదే. తర్వాత వచ్చిన రంగుల రకంతో కలిపి పదకొండు కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

దాంతో పాటు అమెరికాలో, ఐరోపాలో ఉచితంగా ఇచ్చిన ఆట టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఇంజనీరు 1980ల మధ్యలో దాన్ని రాశాడు. ఆయన దగ్గరున్న కంప్యూటర్‌కు బొమ్మలు గీసే శక్తి కూడా లేదు, బ్రాకెట్ గుర్తులనే పక్కపక్కన పెట్టి గళ్లుగా చూపించాడు. నాలుగేసి గళ్ల ముక్కలు పైనుంచి పడుతుంటాయి. వాటిని తిప్పి, ఖాళీ లేకుండా వరుస నింపితే ఆ వరుస మాయమవుతుంది. 1993లో ఒక రష్యన్ వ్యోమగామి ఈ ఆట ఉన్న గేమ్ బాయ్‌ని మీర్ అంతరిక్ష కేంద్రానికి కూడా తీసుకువెళ్లాడు. (లెక్కలు ఇష్టమున్న వాళ్లకు ఒక ప్రశ్న. వరుసకు పది గళ్లు, ముక్కకు నాలుగు గళ్లు. అలాంటప్పుడు ఏమీ మిగలకుండా ఒక్క వరుసను మాత్రమే నింపడం కుదురుతుందా? కనీసం ఎన్ని వరుసలు కావాలి?)

మన తరం వాళ్లకు ఈ ఆట గేమ్ బాయ్‌లో తెలియదు. 1990లలో జాతరల్లో, ఫ్యాన్సీ షాపుల్లో "9999 ఇన్ 1" అని రాసి ఉండే బ్రిక్ గేమ్‌లో తెలుసు. పేరుకు తొమ్మిది వేలు గానీ, ఉండేవి కొన్ని ఆటలే. వేగం, మెట్టు మార్చి ఒక్కోదాన్ని కొత్త ఆటగా లెక్కేస్తారు. తెర మాత్రం ఆ కాలిక్యులేటర్ తెరే: అడ్డంగా పది, నిలువుగా ఇరవై, మొత్తం రెండు వందల గళ్లు.

గాలివాన వెలిసిన మర్నాడు అన్నయ్యగారు సరుకులకు చర్ల బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. ఫ్యాన్సీ షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి "400 ఇన్ 1" అనే రంగుల తెర గేమ్, ఆరు వందలు. అందులో పాత నోకియా ఫోన్లలో వాడిన రకం బ్యాటరీ ఉంటుంది. పాడైతే ఫోన్లు బాగుచేసే కొట్టులో ఇంకొకటి దొరుకుతుంది, అది మంచి సంగతే. కానీ అందులోని ఆటలు చాలావరకు అనుమతి లేకుండా ఎక్కించిన నకళ్లు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాయకండి అని చెప్పే నేను అది కొనలేకపోయాను. పైగా దానికీ చార్జింగ్ కావాలి. రెండోది బ్రిక్ గేమ్. నూట ఎనభై చెప్పాడు, నూట యాభైకి ఇచ్చాడు.

డబ్బులిచ్చే ముందు మాత్రం ఈసారి తొందరపడలేదు. సెల్లులు వేసే చోట స్ప్రింగుకు తుప్పు ఉందేమో చూశాను. ప్రతి మీటా నొక్కాను. ముక్కలను అడ్డదిడ్డంగా పడనిచ్చి, కింది నుంచి పైదాకా తెర నింపి, నల్లబడని గడి ఏదైనా ఉందా అని చూశాను. ఒక్క గడి వెలగకపోయినా ఆట మొత్తం చెడుతుంది. శబ్దం ఆపే మీట పనిచేస్తోందో లేదో చూశాను, ఇది నా కోసం. షాపతను "మేడం, ఫ్రిజ్ కొన్నా ఇంత చూడరు" అన్నాడు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కొన్ని చిన్న బొమ్మల్లో గుండీ ఆకారంలో ఉండే సెల్లులు వాడతారు. చిన్నపిల్లలు మింగితే అవి గొంతులో, ఆహారనాళంలో గంటల్లోనే కాల్చి గాయం చేస్తాయి. ఇంట్లో పసివాళ్లుంటే మూతకు స్క్రూ లేని బొమ్మ కొనకండి.

ఆ సాయంత్రం కొట్టు అరుగు మీద ఆట మొదలైంది. పామేడులో పిల్లలు ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడతారు. కోయ, తెలుగు, హిందీ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. మా అమ్మాయి రెండు రోజులుగా గది దాటి రాలేదు. ఈ గోల విని గుమ్మం దాకా వచ్చింది. ఆటకు రూలు నేను పెట్టలేదు, వాళ్లే పెట్టుకున్నారు: ముక్కలు పైదాకా పేరుకుంటే ఓడినట్టు, ఓడినవాళ్లు పక్కవాళ్లకు ఇవ్వాలి. ముక్కలకు పేర్లు కూడా పుట్టాయి. పొడుగుది కర్ర, చదరంగా ఉండేది పెట్టె, మెలిక తిరిగినవి రెండూ పాములు. "కర్ర వస్తుంది, దారి ఉంచు, దారి ఉంచు!" అని ఒకరు, "పాము వచ్చింది, అయిపోయావ్!" అని ఇంకొకరు. పెద్ద గేమ్‌ను వాళ్లు నిలబడి చూశారు. దీనికైతే ఒకరు ఆడుతుంటే అయిదుగురు సలహాలిస్తున్నారు. మూడో వంతు మా అమ్మాయిది. అది కాలిక్యులేటర్ నొక్కినంత వేగంగా నొక్కి నలభై వరుసలు తీసింది. అప్పటి నుంచి అక్కడ దాని పేరు కర్రక్క.

వదినకు మాత్రం ఒక బెంగ. "ఇదొక పిచ్చిగా మారదు కదా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అయితే ఆడే ప్రతి పిల్లా రోగి అని దాని అర్థం కాదు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, తిండి, నిద్ర, చదువు అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ సాధారణంగా ఏడాది పాటు కొనసాగితే అప్పుడు ఆ పేరు పెడతారు. నాకు అర్థమైనంతలో, ఆట తనంతట తాను ఎక్కడ ఆగుతుందో చూసుకోవడం తల్లిదండ్రులు చేయగలిగిన పని. ఫోన్ ఆటల్లో చాలావాటికి చివర అనేది ఉండదు. రేపు రాకపోతే బహుమతి పోతుందంటాయి, ఇంకో ప్రాణం కావాలంటే డబ్బు కట్టమంటాయి. బ్రిక్ గేమ్ అలా పిలవదు. వెనక దీపం లేదు కనుక పొద్దు వాలితే గళ్లు కనిపించవు. ఆరు దాటగానే పిల్లలు తిట్టుకుంటూ లేచి ఇళ్లకు పోయేవాళ్లు. ఎవరూ పిలవనక్కర్లేకపోయింది.

పెద్ద గేమ్ పాడుదని నేను అనను. మా ఇంట్లో వైఫై దగ్గర అది చక్కగా పనిచేస్తుంది, అబ్బాయి ఆదివారాలు ఆడుకుంటాడు. కొనేటప్పుడు ఆట కార్డులోనే పూర్తిగా ఉందా, మొదటిసారి తెరవడానికి నెట్ కావాలా అని అడిగి ఉంటే, అప్‌డేట్‌లు ఇంట్లోనే చేసి బయలుదేరేదాన్ని.

బ్రిక్ గేమ్‌కు ఒక లోపం ఉంది. సెల్లులు తీస్తే అత్యధిక స్కోరు చెరిగిపోతుంది. అందుకని పిల్లలు స్కోరును కొట్టు తలుపు మీద సుద్దతో రాయడం మొదలుపెట్టారు, పక్కన పేరుతో సహా. మేము బయలుదేరే రోజున అన్నిటికన్నా పైన మా అమ్మాయి పేరు ఉంది. బస్సు ఎక్కే ముందు ఆటపెట్టెను అత్తయ్య కూతురి చేతిలో పెట్టి, వాడనప్పుడు సెల్లులు తీసి ఉంచమనీ, లేకపోతే కారి స్ప్రింగు పాడవుతుందనీ చెప్పింది. ఆ సంగతి నేను దానికి ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు.

పోయిన ఆదివారం వదిన పెరటి గోడ దగ్గర నుంచి ఫోన్ చేసింది. మాట తెగి తెగి వినిపిస్తోంది. ఎవరో పిల్లవాడు ఫోన్ లాక్కుని, "కర్రక్కకు చెప్పండి, తలుపు మీద ఆమె పేరు రెండో వరుసకు పోయింది" అని అరిచాడు. మా అమ్మాయి క్యాలెండరు తెచ్చి నా ముందు పెట్టి, సంక్రాంతికి ఎన్ని రోజులు సెలవని అడిగింది.